వీడ్కోలు వసంతం

ఉగాది దగ్గర పడినదనడానికి ప్రతి బడిపిల్లవానికీ తెలిసిన గుర్తు ఒకటున్నది. మామిడితోపులో కోయిల కూస్తుంది. చలికాలమంతా ఎక్కడ దాగి ఉన్నదో తెలియని ఆ పక్షి లేజిగురు తిని, గొంతు సవరించుకొని, వసంతాన్ని వెంటబెట్టుకొని వచ్చినదని పెద్దలు చెబుతారు, కవులు వ్రాస్తారు. నిజానికి కోయిల ఎక్కడినుంచీ రాలేదు. ఇన్నాళ్లూ ఈ చెట్లమీదనే, ఈ కండ్ల యెదుటనే, నోరు మెదపక కాలం గడిపినది. జతకూడే ఋతువు రాగానే నోరు తెరిచినది. వినబడినది గనుక వచ్చినదని లోకం అనుకొన్నది.

ఆ దినాలలోనే, ఆ ఆకాశం క్రిందనే, ఎవరి చెవినీ పడకుండ మరొక కార్యం జరిగిపోతుంది. హైదరాబాదుకు ఆగ్నేయంగా, నాగార్జునసాగరు పోయే బాటలో, ఇబ్రహీంపట్నం ఉన్నది. నీళ్లున్న యేట ఫాల్గుణమాసపు సాయంకాలం అక్కడి పెద్దచెరువు కట్టమీద నిలుచున్నవారికి దూరాన నీటిమీద బాతుల గుంపులు నల్లని చుక్కలవలె కనబడతవి. చీకటి పడిన తరువాత ఏదో ఒక రాత్రి అవి లేస్తవి. రెక్కల చప్పుడు కొంతసేపు వినవచ్చి ఆగిపోతుంది. తెల్లవారేసరికి నీళ్లు వెలితిగా ఉంటవి. ఊరిలో ఆ సంగతి మాట్లాడుకొనేవారు లేరు. ఇంటికి చుట్టం వచ్చిన దినం అందరికీ జ్ఞాపకముంటుంది. వెళ్లిన దినం అంతగా ఉండదు.

ఇంగ్లీషు వాచకాలలో వసంతం వచ్చినదంటే పక్షులు వచ్చినవన్నమాట. మంచు కరుగుతుంది, మొదటి పిట్ట వచ్చి కొమ్మమీద వాలుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ దేశాలకు అది యథార్థమే. ఆ పాఠం చదివిన మన బాలుడు కిటికీలోనుంచి తొంగిచూస్తే తన ఊరి చెట్లమీద అట్టి రాక కనబడదు. ఇక్కడ వసంతం రాకల ఋతువు కాదు, పోకల ఋతువు. సైబీరియాలో ఒక బాలునికి ఏప్రిల్ చివర కనబడిన మొదటి పిట్ట, మార్చి చివర ఇబ్రహీంపట్నంలో మరొక బాలుడు చివరిసారిగా చూసిన పిట్ట కావచ్చును. ప్రయాణం ఒకటే, కొసలు రెండు. అక్కడి కొసను గురించి ఎన్నో పుస్తకాలున్నవి. ఇక్కడి కొసను కనిపెట్టి చూసేవారు తక్కువ.

మల్కిభరాముని ఊరు

ఇబ్రహీంపట్నానికి ఆ పేరు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాను బట్టి వచ్చినది. 1550 మొదలు 1580 వరకు రాజ్యం చేసిన ఈ సుల్తానును తెలుగు కవులు మల్కిభరాముడని ఆప్యాయంగా పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఈ పెద్దచెరువు కూడ ఆ కాలపుదే. ఆయన జీవితంలో ఒక ఘట్టం ఇక్కడ స్మరింపదగినది. 1543లో తండ్రి హత్యకు గురియై అన్న జంషీదు గద్దె నెక్కగా, ఇబ్రహీం ప్రాణరక్షణకై విజయనగరం చేరి రామరాయల ఆశ్రయంలో ఏడేండ్లు గడిపి, అన్న పోయిన తరువాత తిరిగివచ్చి రాజైనాడు. తన నేలను విడిచి, పరాయి నేలమీద బ్రదికి, అదను చూసి తిరిగివచ్చినవాని పేరు పెట్టుకొన్న ఊరు ఏటేటా వలసపక్షులకు విడిది కావడం కాకతాళీయమే గాని చక్కని కాకతాళీయం.

ఊరి చుట్టూ ఉన్నది మహారణ్యమేమీ కాదు. గుండ్లు పేర్చినట్లున్న గుట్టలు. వాటి నడుమ తుమ్మ, మోదుగ, బలుసు, సీతాఫలం, తంగేడు, ఈత. దిగువను చెలకలు, వాగులు, కుంటలు. తూర్పుగా పోతే, పద్నాలుగవ శతాబ్దిలో రేచర్ల పద్మనాయకులకు రాజధానియైన రాచకొండ గుట్టలు. పెద్ద పులులను చూడగోరేవారికి ఈ పొదల అడవి నచ్చదు. పిట్టకు మాత్రం ఇంతకంటె మంచి సత్రం లేదు. పొదలో పురుగు, చెలకలో గింజ, చెరువు అంచున బురద, నడుమ నీరు - నాలుగు తెగల అతిథులకు నాలుగు విస్తళ్లు ఒక్క చోటనే వడ్డించి ఉన్నవి.

ఎవరెప్పుడు తరలిపోతారు

పోకలకు ఒక వరుస ఉన్నది. అందరికంటె ముందు లేచేవి పెద్ద నీటిపక్షులు. తెల్లని తలమీద రెండు నల్లని పట్టెలున్న బాతు తెలంగాణపు చెరువులకు చలికాలంలో వచ్చే అతిథులలో ఒకటి. టిబెట్టు పీఠభూమిలోను, మంగోలియాలోను గ్రుడ్లు పెట్టే ఈ పక్షి హిమాలయాలను దాటి రావలె, దాటి పోవలె. దాని వీపున చిన్న యంత్రం అమర్చి ఉపగ్రహం ద్వారా గమనించిన శాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించిన సంగతి ఇది: ఈ బాతు దిగువ మైదానాలనుంచి హిమాలయాల శిరస్సువరకు సుమారు ఎనిమిది గంటలలో, నడుమ విశ్రాంతి లేక, గాలి సాయం కోసం కాచుకొనక, తన రెక్కల బలంతోనే ఎక్కగలదు. దాని వెనుకనే సూదివంటి తోక గల బాతు, పారవంటి ముక్కు గల బాతు పోతవి. మార్చి ముగిసేసరికి బాతులలో చాల భాగం వెళ్లిపోయి ఉంటవి.

ఈలోగా గుట్టల క్రింద మోదుగ పూస్తుంది. ఒక్క ఆకు లేని కొమ్మలనిండ నిప్పుకణికలవంటి పూలు. ఆ చెట్ల మీదికి గులాబీ గోరువంకలు మందలుగా దిగుతవి. గులాబీవన్నె ఒడలు, నల్లని తల, నల్లని రెక్కలు, వెనుకకు వాలిన జుట్టు. పూదేనె కోసం పూవు పూవునా ముక్కు ముంచి, పుప్పొడి పూసుకొన్న ముఖాలతో కలహించుకొంటూ అవి చేసే సందడి ఫర్లాంగు దూరం వినబడుతుంది. జొన్నచేలు పాలుపోసుకొని గింజ కట్టే కాలంలో ఇవే పిట్టలు రైతుకు బద్ధశత్రువులు. మంచెయెక్కి వడిసెల తిప్పి వాటిని తరిమిన చేతులు పల్లెలలో ఎన్నో ఉన్నవి.

ఏప్రిల్లో ఈ గోరువంకలు పడమటి ఆసియా, మధ్య ఆసియాలలోని గడ్డిమైదానాలకు పోయి, అక్కడ రాళ్ల సందులలో గూళ్లు పెట్టి, పిల్లలకు మిడుతలను తినిపిస్తవి. మిడుతల దండు పచ్చిక బయళ్లను మేసి నాశనం చేసే చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతంలో, ఈ పిట్టలు వచ్చి కాపురముండవలెనని మనుష్యులే రాళ్లు పేర్చి గూళ్లు కట్టి పెడుతున్నారు. ఇక్కడ వడిసెలతో తరిమిన పిట్టకు అక్కడ ఇల్లు కట్టి స్వాగతం చెబుతారు. తన చేనిలో చూసినంత మాత్రాన ఒక ప్రాణిని మిత్రమనో శత్రువనో నిర్ణయించడం ఎంత తొందరపాటో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

చెరువు అంచున తోక ఆడిస్తూ పరుగులు తీసే జిట్టంగులది మరొక తీరు. నవంబరులో అవి వచ్చినప్పుడు చూసినవారికి బూడిదవన్నె, మాసిన పసుపువన్నె తప్ప మరేమీ తోచదు. మార్చి, ఏప్రిల్ నెలలలో మళ్లీ చూడవలె. పాత ఈకలు రాలి కొత్తవి వస్తవి. పసుపు జిట్టంగి మగపక్షి ఎద పసుపుముద్దవలె మెరుస్తుంది. ఉత్తరదేశాలలో పెండ్లాడబోయే వరునికి అలంకరణ జరిగేది ఈ చెరువు గట్టున. అది ఇక్కడ తిన్న పురుగులే ఆ వన్నెకు, ఆ ప్రయాణానికి పెట్టుబడి.

అందరికంటె చివర పోయేవారిలో ఒక అల్పజీవి ఉన్నది. ఆకుపచ్చని వీపు, రెక్కమీద సన్నని తెల్లగీత గల చిన్న ఆకుపిట్ట. ఆకులలో ఆకై తిరిగే ఈ పిట్టను కంటితో చూడడం కంటె చెవితో వినడం సులభం. చింతచెట్టు పైకొమ్మలనుంచి సన్నగా, పదునుగా రెండక్షరాల పిలుపు వినవస్తుంది. దీని బరువు సుమారు ఎనిమిది గ్రాములు; గుప్పెడు చింతగింజలపాటి లేదు. అది పోవలసినది హిమాలయాలకు, లేదా వాటికి ఆవల ఉన్న ఉత్తరపు అడవులకు. ఈ జాతి పిట్టలను ట్రెవర్ ప్రైస్ అనే శాస్త్రజ్ఞుడు ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పుకనుమలలో గమనించి, చలికాలమంతా ఒక్కొక్క పిట్ట కొన్ని చెట్లను తనవిగా ఎంచుకొని ఇతర పిట్టలను రానీయక కాపాడుకొంటుందని 1981లో వెల్లడించాడు. అనగా మనం చూసేది దారినపోయే బాటసారిని కాదు. సంవత్సరంలో సగానికిపైగా ఇక్కడ స్థిరంగా కాపురముండే గృహస్థును. తన ఇంటికి అది పోతున్నదనడం సగమే నిజం. ఒక ఇంటినుంచి మరొక ఇంటికి పోతున్నదనడం సరియైన మాట.

మే నెల వచ్చేసరికి నీరింకిన కుంటల బురదలో కొన్ని ఉల్లంకి పిట్టలు మాత్రం మిగులుతవి. తరువాత అవి కూడ కనబడవు.

ఎవరు చెప్పినారు?

ఇబ్రహీంపట్నంలో మార్చి నెలలో ఎండ ముదురుతుంది. అదే సమయాన సైబీరియాలో ఇంకా మంచే. అక్కడ మంచు కరగబోతున్నదని ఇక్కడి పిట్టకు చెప్పినదెవరు?

ఈ ప్రశ్నకు మొదటి చక్కని సమాధానం కెనడాలో దొరికినది. 1925 ప్రాంతంలో విలియం రోవన్ అనే ఆచార్యుడు ఎడ్మంటను నగరంలో, గడ్డకట్టే శీతకాలంలో, కొన్ని చిన్న పిట్టలను ఆరుబయట పంజరాలలో ఉంచి, సాయంకాలం దీపాలు వెలిగించి వాటికి పగటిని కొద్దికొద్దిగా పొడిగించాడు. చలి తగ్గలేదు, మంచు కరగలేదు. అయినా పిట్టల శరీరాలలో వసంతకాలపు మార్పులు వచ్చినవి. పిట్ట వేడిని లెక్కించడంలేదు, పగటి పొడవును కొలుస్తున్నదని దీనివల్ల తెలిసినది. ఇబ్రహీంపట్నంలో అతి చిన్న పగటికి, అతి పెద్ద పగటికి ఉన్న తేడా సుమారు రెండు గంటలే. ఆ కొద్ది తేడాను మనుష్యులు గమనించరు, పిట్ట గమనిస్తుంది.

అంతమాత్రమే కాదు. 1960 తరువాతి యేండ్లలో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎబెర్‌హార్డ్ గ్విన్నర్ మన ఆకుపిట్టకు దాయాదియైన ఐరోపా పిట్టను పగలు రాత్రి ఎల్లప్పుడూ సమానంగా ఉండే గదిలో పెంచాడు. ఋతువు తెలిపే గుర్తు ఒక్కటీ లేకపోయినా, ఈకలు మార్చవలసిన కాలం వచ్చినప్పుడు మార్చినది. వలసపోవలసిన కాలం వచ్చినప్పుడు రాత్రులు నిద్రపోక పంజరంలో రెక్కలు కొట్టుకొన్నది. పంచాంగం దాని దేహంలోనే ఉన్నది. పగటి పొడవు ఆ పంచాంగాన్ని సవరిస్తుంది. అప్పుడు ఆకలి హెచ్చుతుంది; పిట్ట తెగ తిని క్రొవ్వు కూడబెడుతుంది. ఆ క్రొవ్వే దారిబత్తెం.

ఇక దారి సంగతి. మోదుగపై వాలిన గోరువంకకు దాయాదియైన ఐరోపా గోరువంక పంజరంలోనుండి సూర్యుని చూసి దిక్కు తెలుసుకొంటుందని, గంట గంటకూ సూర్యుడు జరిగే దూరాన్ని లెక్కలో కలుపుకొంటుందని గుస్తావ్ క్రామర్ 1950 ప్రాంతంలో నిరూపించాడు. రాత్రి ప్రయాణం చేసే పిట్టలను స్టీఫెన్ ఎమ్లెన్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు కృత్రిమమైన నక్షత్రమండలం క్రింద ఉంచి పరీక్షించి, అవి ధ్రువుని చుట్టూ తిరిగే చుక్కల సాయంతో ఉత్తరాన్ని పట్టుకొంటవని 1967లోను, తరువాతను తెలియజేశాడు. భూమి అయస్కాంతశక్తిని కూడ పక్షులు గుర్తించగలవని జర్మనీలో జరిగిన పరీక్షలు తెలిపినవి.

ఇబ్రహీంపట్నం ఉత్తర అక్షాంశం సుమారు 17 డిగ్రీలు గనుక అక్కడ ధ్రువనక్షత్రం క్షితిజానికి అంతే ఎత్తున, గుట్టల శిఖరాలకు కొంచెం మీదుగా కనబడుతుంది. చిన్న పిట్టలలోను బాతులలోను చాల భాగం రాత్రివేళనే పోతవి. చెరువు కట్టమీద నిలిచి ధ్రువుని చూసే విద్యార్థి ఆ పక్షులు పోయిన దిక్కునే చూస్తున్నాడు. ఈనాడు ఆ దిక్కుననే, వాయవ్యంగా, హైదరాబాదు మహానగరపు వెలుగు ఆకాశం అంచును కమ్ముకొని ఉన్నది. పిట్టల చుక్కలను ఆ వెలుగు కప్పివేస్తున్నది.

నెదర్లండ్సుకు చెందిన పెర్డెక్ 1958లో ప్రకటించిన పరీక్ష ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. శరత్కాలంలో వలసపోతున్న గోరువంకలను హేగ్ నగరం వద్ద వేలకొలది పట్టి, విమానంలో స్విట్జర్లండుకు తీసికొనిపోయి విడిచిపెట్టారు. పెద్ద పక్షులు దారి తప్పిన సంగతి గ్రహించి, దిశ మార్చుకొని, తాము ఎప్పుడూ చలికాలం గడిపే తావులవైపే తిరిగినవి. ఆ యేడు పుట్టిన పిల్లలు మాత్రం పుట్టుకతో వచ్చిన దిశనే పట్టుకొని పోయి స్పెయిను వైపు చేరినవి. పిల్లకు దిశ మాత్రమే తెలుసు. పెద్దదానికి ఊరు తెలుసు. ఒకసారి ఒక చెరువు గట్టున చలికాలం గడిపిన పక్షి ఆ తావును జ్ఞాపకం పెట్టుకొంటుంది. ఇబ్రహీంపట్నం అనే పేరు వాటికి తెలియకపోవచ్చును, ఇబ్రహీంపట్నం తెలుసు.

కవులు ఎరిగిన అతిథులు

తెలుగు పాఠం చెప్పే ఉపాధ్యాయునికి కూడ ఇందులో భాగమున్నది. హంసలు మానససరోవరానికి పోతవన్న మాట మన కావ్యాలలో మాటిమాటికి వస్తుంది. కాళిదాసు మేఘసందేశంలో రాజహంసలు మేఘానికి కైలాసందాక తోడు పోతవి. టిబెట్టు సరస్సుల చుట్టు గ్రుడ్లు పెట్టే పట్టెతల బాతును చూసిన శాస్త్రజ్ఞులు కొందరు కవుల హంస ఇదే కావచ్చునని తలంచారు. కవులు ఆ ప్రయాణాన్ని వర్షాకాలానికి ముడిపెట్టారు. పక్షులు వసంతంలోనే పోతవి. కాలం తేడాగా ఉన్నా, దక్షిణాన కనబడే ఈ పక్షికి ఉత్తరాన కొండల కవతల మరొక కాపురమున్నదని పూర్వులు గ్రహించి ఉండిరి. రాత్రివేళ జంట విడిపోయి దుఃఖిస్తుందని కవిసమయంగా చెప్పే చక్రవాకం కూడ లడక్, టిబెట్టులలో గ్రుడ్లు పెట్టి, చలికాలంలో మన నదులకు, చెరువులకు వచ్చే నారింజవన్నె బాతే. పద్యానికి అర్థం చెప్పిన మరునాడు పక్షినే చూపగలిగితే ఆ పాఠాన్ని ఏ విద్యార్థీ మరువడు.

వ్రాసి ఉంచినవారు

ఈ దేశపు పిట్టలను చూసి వ్రాసినవారు లేకపోలేదు. 1862, 1864 సంవత్సరాల మధ్య భారతదేశపు పక్షులను గురించి పెద్ద గ్రంథం ప్రకటించిన జెర్డన్ అనే వైద్యుడు పిట్టల తెలుగు పేర్లను కూడ శ్రద్ధగా ఎక్కించాడు. చలికాలంలో వచ్చి గోడలమీద వాలి ఎర్రని తోకను వణికించే నల్లపిట్టకు తెలుగువారు పెట్టిన 'నూనెబుడ్డిగాడు' అన్న ముద్దుపేరు ఆయన గ్రంథంలో నిలిచి ఉన్నది. 1931-32లో సలీం అలీ నాటి హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షులను పరిశీలించాడు. ఆ వివరాలు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘంవారి పత్రికలో 1933, 1934లలో వెలువడినవి. నేడు తెలంగాణలో ఏ పిట్ట హెచ్చినది, ఏది తగ్గినది అని అడిగేవారు మొదట తిరగవేసే కాగితాలు అవే.

1957లో మైసూరు రాష్ట్రంలోని క్యాసనూరు అడవిలో కోతులను, మనుష్యులను చంపిన కొత్త జ్వరం పుట్టినది. దాని క్రిములను సైబీరియానుంచి వలసపక్షులు మోసుకొని వచ్చినవేమోనన్న అనుమానం కలిగినది. ఆ అనుమానాన్ని తేల్చడంకొరకు ప్రపంచ ఆరోగ్యసంస్థ తోడ్పాటుతో ఆ సంఘమే 1959 మొదలు వేలకొలది పక్షుల కాళ్లకు సంఖ్యలు గల లోహపుటుంగరాలు తొడిగి విడిచిపెట్టినది. రాజస్థానంలోని భరత్‌పూరులో తొడిగిన ఉంగరాలు సైబీరియాలో దొరికినవి. అంతవరకు ఊహగా ఉన్న ప్రయాణానికి అట్లు సాక్ష్యం దొరికినది.

2007లో బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం సామాన్య జనాన్నే ఈ పనికి పిలిచినది. వలసపక్షిని ఏటేటా ఏ తేదీన మొదట చూశారో తెలుపుడని కోరినది. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించి, వాటిలో 178 జాతుల రక్షణకు వెంటనే పూనుకోవలెనని చెప్పినది. దూరదేశాలనుంచి వచ్చే వలసపక్షులు ఇక్కడనే ఉండే పక్షులకంటె ఎక్కువగా తగ్గిపోతున్నవని కూడ అందులో ఉన్నది. ఆ నివేదికకు ఆధారం పెద్ద ప్రయోగశాలలు కావు. తమ ఊరి చెట్టుక్రింద నిలిచి లెక్క వ్రాసిన వేలాది సామాన్యులు.

చివరి తేదీ

పక్షి మొదట కనబడిన దినాన్ని వ్రాయడం సులభం. నిన్న లేదు, నేడు ఉన్నది. తేదీ తానే తెలిసిపోతుంది. చివరి దినం అట్లు కాదు. ఏప్రిల్ 12న ఒక నూనెబుడ్డిగాడు బడి గోడమీద వాలినదనుకొందాం. అదే చివరి చూపు అని ఆ దినాన ఎవరికీ తెలియదు. 13న కనబడదు, రేపు రావచ్చుననిపిస్తుంది. 14న లేదు, 15న లేదు. వారం గడిచిన తరువాత వెనుకకు తిరిగి చూస్తే గాని 12వ తేదీ విలువ తెలియదు. అప్పటికి దానిని వ్రాసి ఉంచనివారికి అది దొరకదు. అందుచేతనే ప్రపంచమంతటా రాకల తేదీలు ఎక్కువ, పోకల తేదీలు తక్కువ. రాక తన్ను తానే ప్రకటించుకొంటుంది. పోక, ప్రతిదినం చూసినవానికి మాత్రమే చిక్కుతుంది.

కనుక 'ఉన్నది' అని వ్రాయడం ఎంత ముఖ్యమో 'లేదు' అని వ్రాయడం అంత ముఖ్యం. ఇందుకు దుర్భిణి కూడ అవసరం లేదు. ఒక తావు, ఒక వేళ, అరగంట సమయం, నాలుగు గీతలు గీసిన నోటుపుస్తకం: తేదీ, తావు, పిట్ట, సంఖ్య. పేరు తెలియకపోతే వర్ణన వ్రాయవచ్చును. పది దినాలు తదేకంగా చూసిన పిట్టకు పేరు దొరకకపోదు. తెలంగాణలో మార్చి నడుమనుంచి ఒంటిపూట బడులు. ఏప్రిల్ చివర వేసవి సెలవులు. పక్షులు పోయేది సరిగా ఆ వారాలలోనే. బడికి వచ్చే ఉదయం, నీడలు సాగే సాయంకాలం విద్యార్థి చేతిలోనే ఉన్నవి. లెక్కలపంతులుగారు ఆ సంఖ్యలతో పటం గీయించవచ్చును. భూగోళం చెప్పేవారు అవి పోయే ముప్పై దేశాల మధ్యాసియా గగనమార్గాన్ని గోడమీద చూపవచ్చును.

ఇది వినోదానికి మాత్రమే చెప్పే మాట కాదు. ఇబ్రహీంపట్నం నేడు వెనుకటి ఊరు కాదు. ఆదిబట్లలో విమానభాగాల కర్మాగారాలు వెలసినవి. కొంగరకలాన్‌లో 2022లో జిల్లా కలెక్టరు కార్యాలయం తెరిచారు. గుట్టల నడుమ చెలకలలో హద్దురాళ్లు పాతి ఇండ్లస్థలాలు చేస్తున్నారు. మనుష్యులకు ఇండ్లు, ఉద్యోగాలు అక్కరలేదని ఎవరూ అనరు. కాని పొదల అడవిని కాగితాలలో బీడు అంటారు. బీడు అనగా ఏమీ లేని చోటు అని అర్థం చెప్పుకొంటారు. పెద్దచెరువుకు నీరు తెచ్చే వాగులు ఎక్కడ పూడినా ఆ సంగతి చెరువులోనే తెలుస్తుంది. వరుసగా ఎన్నో యేండ్లు ఈ చెరువు నిండక గడిచినవి. ఆ బీడులో ఏమున్నదో, ఆ చెరువుకు ఎవరు వచ్చేవారో చెప్పడానికి తేదీలతో కూడిన సాక్ష్యం కావలె. 'పూర్వం చాల పిట్టలుండేవి' అన్న మాటకు సభలలో చప్పట్లు రావచ్చును, విచారణలో నిలువదు. 'ఈ కుంటవద్ద పదేండ్లపాటు ఏప్రిల్ రెండవ వారం వరకు జిట్టంగులుండెను, నేడు మార్చిలోనే లేవు' అన్న మాట నిలుస్తుంది.

పెద్ద గోరువంకలు స్విట్జర్లండునుంచి దారి దిద్దుకొని పాత తావుకు పోగలిగినవంటే ఆ తావు అక్కడ ఉన్నందుననే. తావే లేకపోతే, వేలమైళ్లు తప్పక ఎగిరివచ్చిన జ్ఞాపకశక్తి ఆ పక్షిని నేరుగా లేని చెరువు దగ్గరికే తెచ్చి దింపుతుంది.

వైశాఖం ముగిసేసరికి ఇబ్రహీంపట్నం గుట్టలు పిట్టల పిలుపులు తగ్గి నిశ్శబ్దమవుతవి. కోయిల మాత్రం ఎండలో కూస్తూనే ఉంటుంది. తొలకరికి ముందు చాతకం అరేబియా సముద్రం దాటి వస్తుంది. దాని రాకను అందరూ గుర్తిస్తారు. జులై చివర, శ్రావణం తొలిదినాలలో, కొత్తనీరు చేరిన కుంట అంచున ఒక ఉల్లంకి పిట్ట తోక ఆడిస్తూ మళ్లీ నిలుస్తుంది. అది పోయిన తేదీ ఏ విద్యార్థి నోటుపుస్తకంలోనైనా ఉంటే, ఎన్ని దినాల తరువాత వచ్చినదో ఆ ఉదయమే లెక్క కట్టవచ్చును.